మా ఊరి ఉత్తర చెరువు పచ్చబడింది, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుస్తున్నాయి. గాలం వేయొచ్చా?

గట్టుమీది_కుర్రాడు | శుక్రవారం, ఉదయం 8:05

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా మెట్ట, వింజమూరు వైపు. ఊరికి దక్షిణాన పెద్ద చెరువు, ఉత్తరాన చిన్న చెరువు. పెద్ద చెరువు ఎండిపోయింది. ఉన్న కాసిన్ని నీళ్లూ ఉత్తర చెరువులోనే, అవీ తూము దగ్గర మనిషి లోతు, మిగతా చోట్ల మోకాలి నుంచి నడుము దాకా. ఈ వారమంతా మబ్బు పట్టి కూర్చుంది. వాన పడదు, గాలి ఆడదు, ఒకటే ఉక్క.

నీళ్లు మొన్నటి దాకా లేత పచ్చగా ఉండేవి. ఇప్పుడు గట్టు వారన పచ్చ పెయింటు డబ్బా ఒలికినట్టుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, కొన్ని చచ్చి తేలాయి కూడా. పొద్దెక్కేసరికి మిగిలినవి మళ్లీ కనిపించవు. ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు.

దసరా సెలవులకు బావమరుదులు వచ్చారు. ఆదివారం గాలాలు వేద్దామనుకున్నాం. వేయొచ్చా? పడితే తినొచ్చా? గేదెలు కూడా ఆ నీళ్లే తాగుతున్నాయి, అదొక టెన్షన్.

బెండు_మునిగె | శుక్రవారం, ఉదయం 8:40

తమ్ముడూ, పైకొచ్చి నోరు తెరిచే చేప ఎర ముట్టదు. ముక్కు ముందు పెట్టినా అంతే. ఊపిరికే దిక్కులేనప్పుడు తిండి యావ ఎక్కడిది? ఆదివారం వేరే చెరువు చూసుకోండి. మా నెల్లూరు వైపు కూడా గాలి లేదు, చేప మందకొడిగానే ఉంది.

మెట్ట_రైతు | శుక్రవారం, ఉదయం 9:15

ఇందులో ఆలోచించేదేముంది? ఎవరో మందు కలిపారు. మా చెరువులోనూ ఒక ఏడాది ఇట్లాగే జరిగింది. పొలాలకు కొట్టే పురుగుమందు ఒక్క డబ్బా చాలు, చెరువు మొత్తం తేలుతుంది. చేపలు పెంచే మత్స్యకారుల సంఘానికీ ఊరికీ పడకపోతే జరిగేది ఇదే. ముందు పోలీస్ స్టేషన్‌కు పోండి, గాలం సంగతి తర్వాత.

నీళ్ల_మాస్టారు | శుక్రవారం, ఉదయం 10:30

ఉద్యోగం చేసినన్నాళ్లూ నీళ్ల పరీక్షలే చేశాను, అందుకని నాలుగు ప్రశ్నలు. స్టేషన్‌కు పోయే ముందు వీటికి జవాబులు చెప్పండి.

చచ్చినవి ఏ చేపలు? పెద్దవా, చిన్నవా? కొరమీను, మార్పు, ఇంగిలాయి లాంటి గాలి పీల్చే చేపల్లో ఒక్కటైనా చచ్చిందా? గట్టు వారన నత్తలు, కప్పలు, నీటి పురుగులు బతికే ఉన్నాయా? చావులు తెల్లవారుజామునే కనిపిస్తున్నాయా, మధ్యాహ్నం కూడానా?

ఇంకొక పని. ఒక గాజు సీసాలో ఆ పచ్చ నీళ్లు నింపి, మూత బిగించి, కదపకుండా రేపటి దాకా ఉంచండి. పచ్చదనం పైకి తేలి మెడ దగ్గర వలయం కట్టిందా, అడుగుకు దిగిందా చూడండి. నీళ్లు ముంచేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. కర్ర ముంచి పైకి తీస్తే దారాలు దారాలుగా వేలాడితే అది మామూలు నాచు, దాని గురించి ఇంత ఆలోచన అక్కర్లేదు.

గట్టుమీది_కుర్రాడు | శుక్రవారం, సాయంత్రం 6:20

మాస్టారూ, ఇప్పుడే గట్టు చుట్టూ తిరిగొచ్చాను.

చచ్చినవన్నీ పెద్దవే. బొచ్చెలు ఎక్కువ, శీలావతులు కొన్ని, ఎర్రమోసులు ఒకటీ అరా. నోళ్లు తెరుచుకునే చచ్చాయి, చెంపలు విచ్చుకుని ఉన్నాయి. పరిగెలు గుంపులుగా తిరుగుతూనే ఉన్నాయి. కొరమీను ఒక్కటి కూడా చావలేదు. తుంగలో ఒకటి బుడుంగుమని పైకొచ్చి గాలి మింగి పోవడం నేనే చూశాను. నత్తలున్నాయి, కప్పలు అరుస్తున్నాయి. మధ్యాహ్నం కొత్తగా ఏదీ తేలలేదు. కర్రకు దారాలు రాలేదు, పచ్చ రంగు అంటుకుంది అంతే. సీసా కిటికీలో పెట్టాను.

నీళ్ల_మాస్టారు | శుక్రవారం, రాత్రి 8:10

అయితే ఇది మందు కాదు. మందు పడితే ముందు పోయేవి నీటి పురుగులు, రొయ్య పిల్లలు, పరిగెలు. పెద్దా చిన్నా తేడా ఉండదు, పగలూ రాత్రీ తేడా ఉండదు. ఇక్కడ పెద్ద చేప పోయింది, చిన్నది బతికింది. తెల్లవారుజామునే పోయింది. గాలి పీల్చే కొరమీనుకు ఏమీ కాలేదు. ఈ మూడూ కలిశాయంటే నీళ్లలో ఆక్సిజన్ అయిపోయినట్టే.

పచ్చదనం అంటే కంటికి కనపడని నాచు. ఎండ ఉన్నంతసేపు అదే ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పీల్చుకుంటుంది. చేపలూ పీలుస్తాయి, అడుగు బురదలో కుళ్లేది కూడా పీలుస్తుంది. తెల్లారే ముందు నిల్వ అడుగంటుతుంది. మామూలు రోజుల్లో పొద్దు పొడవగానే మళ్లీ పుంజుకుంటుంది. మీకు వారమంతా మబ్బు, పగటి సంపాదన సగం పడిపోయింది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గలేదు. గాలి లేదు కాబట్టి పైనుంచి కలిసేదీ లేదు. పైగా నీళ్లు వెచ్చగా ఉన్నాయి. 30 డిగ్రీల నీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే, 20 డిగ్రీలైతే తొమ్మిది పైన.

బొచ్చె, శీలావతి లాంటివి లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే హాయిగా తిరుగుతాయి. 3 కంటే దిగితే మేత మానేస్తాయి, ఇంకా దిగితే పైకొస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో చేపలకు పనికొచ్చే నీళ్లంటే ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, ఫ్రీ అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం కొలిస్తే ఈ చెరువు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఎవరైనా అధికారి పగలు పదకొండింటికి వచ్చి సీసా నింపుకుని పోయి అంతా బాగుందని రాస్తే దాన్ని నమ్మొద్దు. తెల్లవారుజామున సూర్యుడు రాకముందు కొలవాలి.

మెట్ట_రైతు | శుక్రవారం, రాత్రి 9:00

సరే, మందు కాదనే అనుకుందాం. మరి నీళ్లు ఊరికే పచ్చబడ్డాయా? ఊరి కాలువ మురుగంతా ఎక్కడికి పోతోందో అడగండి ఆ తమ్ముణ్ణి. మెట్ట ఊళ్లన్నిట్లో ఇదే కథ. సిమెంటు కాలువ కడతారు, చివర చెరువులో వదులుతారు. సబ్బు నీళ్లు, పేడ నీళ్లు, అన్నీ అందులోకే.

నీళ్ల_మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:25

ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నాచుకు కావాల్సింది నత్రజని, భాస్వరం. మురుగులో రెండూ ఉంటాయి. పొలాల్లో వేసిన యూరియా, డీఏపీ కొట్టుకొచ్చినా అంతే. నిండు చెరువులో అయితే పలచబడుతుంది. నడుము లోతు నీళ్లలో చిక్కబడుతుంది. పూడిక తీసి ఒండ్రు పొలాలకు తోలుకునే అలవాటు పోవడం కూడా ఒక కారణం, ఆ ఒండ్రులో ఉన్నదంతా నాచుకు ఎరువే కదా.

సంఘం_సభ్యుడు | శుక్రవారం, రాత్రి 10:15

నేను పక్క మండలం మత్స్యకారుల సంఘంలో ఉన్నాను. ఈ ఊరి సంఘం వాళ్లు నాకు తెలిసినవాళ్లే, వాళ్ల తరఫున రాస్తున్నా. చేపపిల్ల కొన్నది అప్పు చేసి. చేప ఇప్పుడు కిలో లోపు ఉంది, సంక్రాంతికి పట్టుదామని ఆశ. ఈ మాట ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటున్నా: చెరువులో నీళ్లు ఇంత అడుగంటడానికి కారణం నారుమళ్లకు రాత్రింబవళ్లు ఇంజన్లు పెట్టి తోడటం. ఆయకట్టు హక్కు మేం కాదనం. తూము కిందకి దిగిపోయాక కూడా ఇంజన్లు పెట్టి తోడితే చేప ఎక్కడికి పోవాలి?

నాచు చావడానికి మైలుతుత్తం చల్లుదామని వాళ్లు అడుగుతున్నారు. మాస్టారు చెప్పాలి.

మెట్ట_రైతు | శుక్రవారం, రాత్రి 10:40

నారు ఎండిపోతే చేప తిని బతకమంటారా? చెరువు కట్టింది వరికి, చేపకు కాదు.

నీళ్ల_మాస్టారు | శనివారం, ఉదయం 6:30

మైలుతుత్తం వద్దు. చెరువంతా నాచు ఒక్కసారిగా చస్తే అదంతా కుళ్లుతుంది, కుళ్లడానికి ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా అయిపోతుంది. ఈరోజు పది చేపలు పోతుంటే ఎల్లుండికి చెరువంతా తేలుతుంది. నాచులో విషం ఉంటే అది కూడా ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుంది.

చేయాల్సింది ఇది. మేత, పేడ, కోళ్ల పెంట ఏది వేస్తున్నా ఆపేయాలి. ఆ నారుమళ్ల ఇంజన్లే రెండు తెచ్చి, చెరువు నీళ్లే తోడి, ఎత్తు నుంచి చెరువులోకే పడేలా చిమ్మాలి. పైపు మూతికి చిల్లుల రేకు కడితే ఇంకా మంచిది. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి ఎండ వచ్చేదాకా నడపాలి, పగలు అక్కర్లేదు. చేపలు ఆ పైపు చుట్టూ మూగుతాయి, కాబట్టి ఆ గంటల్లో అక్కడ ఎవరూ వల వేయకుండా చూసుకోండి. కొంత చేప ఇప్పుడే పట్టి అమ్మేస్తే మిగిలినదానికి ఊపిరి ఆడుతుంది, ధర కాస్త తగ్గినా సరే.

రొయ్యలగుంట | శనివారం, ఉదయం 7:45

మాది అల్లూరు వైపు, వెనామీ రొయ్యల గుంటలు. మాస్టారు చెప్పింది మాకు రోజూ ఉండే బతుకే. మబ్బు పడితే మేమెవరం నిద్రపోం. నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి, కరెంటు పోతే జనరేటర్ దగ్గరే కాపలా. మెట్ట చెరువుల వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడమే విచిత్రం, నెల్లూరులో ఏ ఆక్వా షాపుకు పోయినా ఆక్సిజన్ కొలిచే కిట్టు దొరుకుతుంది.

నా దగ్గర మీటరు ఉంది. ఆత్మకూరులో పని ఉండి ఈ సాయంత్రం ఎలాగూ అటే వస్తున్నా. రాత్రికి ఉండి తెల్లవారుజామున కొలిచి పోతా. కుర్రాడు అడ్రస్ నాకు విడిగా మెసేజ్ పెట్టు.

ఇంకొకటి. పాత స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు పెయింటు వేసి, మధ్యలో తాడు కట్టి నీళ్లలోకి దించు. ఎక్కడ కనపడకుండా పోతుందో అక్కడ తాడు పట్టుకుని కొలువు. 30 నుంచి 40 సెంటీమీటర్లంటే చేపల చెరువుకు మంచి నీళ్లు. 20 లోపే మాయమైతే నాచు మితిమీరినట్టు. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఒండ్రు కలిసిన ఎర్ర నీళ్లలో మాత్రం ఈ లెక్క పనికిరాదు.

కనిగిరి_వాసి | శనివారం, ఉదయం 9:10

చదువుతున్నా. మా కనిగిరి వైపు నీళ్లంటే ఫ్లోరైడ్ గొడవే. రంగు లేదు, వాసన లేదు, మరిగిస్తే పోదు సరికదా చిక్కబడుతుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటి, మరీ గత్యంతరం లేకపోతే ఒకటిన్నర మిల్లీగ్రాము వరకే అనుమతి. మా పెద్దల పళ్లూ మోకాళ్లూ చూస్తే మేం ఎంత తాగామో తెలుస్తుంది. అది బోరు నీళ్ల జబ్బు. మీది కంటికి కనపడే జబ్బు, ఒక రకంగా అదృష్టవంతులు.

కంభం చెరువు లాంటి పెద్ద నీళ్లలో ఇంత తొందరగా ఊపిరి ఆగదు. నాలుగు అలలు లేచినా గాలి కలుస్తుంది. చిన్న చెరువుకు చుట్టూ తుమ్మ చెట్లు పెరిగితే ఆ కాస్త గాలీ తగలదు.

పులుసు_అక్క | శనివారం, ఉదయం 11:00

అందరూ ఆక్సిజన్ గురించే మాట్లాడుతున్నారు, ఆ అబ్బాయి అడిగింది తినొచ్చా అని. తేలిన చేపను ఇంటికి తెచ్చే ఆడవాళ్లను నేను చూశాను. తెల్లారి చచ్చిందే కదా, తాజాగానే ఉందిలే అంటారు. మామిడికాయ వేసి రాత్రంతా ఊరబెట్టిన పులుసైనా అలాంటి చేపను మంచిది చేయదు. మాస్టారూ, బతికిన చేప సంగతేంటి?

నీళ్ల_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 12:20

అక్కయ్యగారూ, చచ్చినదీ, కొన ఊపిరితో ఉన్నదీ వద్దే వద్దు. బాగా ఈదుతూ గాలానికో వలకో పడిన చేప అయితే, ఇలాంటి నీళ్లలో పేగులు, కాలేయం పూర్తిగా తీసేయాలి. విషం చేరేది ముఖ్యంగా అక్కడే. కండ శుభ్రంగా బోరు నీళ్లతో కడిగి వండుకోవచ్చు. గుడ్లు కూడా ఈసారికి వదిలేయండి. నా ఇంట్లో అయితే ఆ పచ్చ తెట్టు ఉన్నన్నాళ్లు ఈ చెరువు చేప అసలు తేనివ్వను.

కుర్రాడూ, సీసా ఏమంటోంది?

గట్టుమీది_కుర్రాడు | శనివారం, మధ్యాహ్నం 1:05

పచ్చదనమంతా పైకి తేలి మెడ దగ్గర మందంగా వలయం కట్టింది మాస్టారూ. కింద నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. పళ్లెం కూడా దించాం. జానెడు కూడా దిగకముందే మాయమైంది.

నీళ్ల_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 1:30

పైకి తేలిందంటే అది నీలి ఆకుపచ్చ నాచు అయ్యే అవకాశం ఎక్కువ. వాటిలో కొన్ని రకాలు విషం చేస్తాయి, ఏ రకమో మైక్రోస్కోపులో తప్ప తేలదు. కాబట్టి విషం ఉన్నట్టే నడుచుకోండి. గేదెలను, మేకలను ఈరోజు నుంచే తెట్టు పేరుకున్న వైపుకు పోనివ్వొద్దు. ఇంటి దగ్గర తొట్టిలో బోరు నీళ్లు పెట్టండి. పిల్లలు ఈతకు దిగొద్దు, ఒళ్లు దద్దుర్లు లేస్తుంది. మరిగిస్తే ఈ విషం పోదు. మండలంలో పశువుల డాక్టరుకు, మత్స్యశాఖకు ఫోన్ చేసి చెప్పండి, మైక్రోస్కోపు పని వాళ్లు చూస్తారు.

నిర్వాహకుడు | శనివారం, మధ్యాహ్నం 3:00

మందు కలిపింది ఫలానా ఇంటివాళ్లే అని పేర్లు రాసిన పోస్టులు తీసేశాను. ఇంకోసారి రాస్తే ఖాతా ఆగుతుంది. గాలం, నీళ్లు, చేప, ఈ మూడింటి గురించే మాట్లాడండి.

రొయ్యలగుంట | ఆదివారం, ఉదయం 9:30

గట్టు మీద నుంచే రాస్తున్నా. నిన్న సాయంత్రం నాలుగింటికి తూము దగ్గర పై నీళ్లలో ఆక్సిజన్ 11 దాటింది, పీహెచ్ 9.2. ఈ తెల్లవారుజామున ఐదింటికి అదే చోట 1.6. అడుగున దాదాపు సున్నా. మాస్టారు మధ్యాహ్నం కొలత నమ్మొద్దన్నది ఇందుకే. ఆ సాయంత్రం పీహెచ్ కూడా మంచిది కాదు. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషంగా మారేది ఎక్కువవుతుంది, చేపకు పగలు ఒక బాధ, రాత్రి ఒక బాధ.

సంఘం వాళ్లు రాత్రి ఒంటిగంటకు రెండు ఇంజన్లు వేశారు. పైపు పడే చోట తెల్లవారుజామున 3.4 ఉంది. చేపలు నిజంగానే అక్కడికి చేరాయి. ఈరోజు చచ్చినవి తక్కువ. డీజిలు ఖర్చు ఎవరిదన్న దాని మీద మాత్రం గట్టు మీద పెద్ద పంచాయితీ జరిగింది, టీ రెండుసార్లు వచ్చింది.

మెట్ట_రైతు | ఆదివారం, ఉదయం 10:10

ఆ ఇంజన్లలో ఒకటి రైతుదే అయ్యుంటుంది, అది కూడా రాయండి.

రొయ్యలగుంట | ఆదివారం, ఉదయం 10:25

రెండూ రైతులవే అన్నా. డీజిలు సంఘం పోసింది.

బెండు_మునిగె | ఆదివారం, రాత్రి 8:00

ఇక గాలం సంగతి నాకు వదిలేయండి. నీళ్లు ఇలా ఉన్నప్పుడు పొద్దున్నే పోవడం వృథా. మామూలుగా మనం తెల్లవారుజామునే మంచి సమయం అంటాం, పచ్చ చెరువులో అది తలకిందులు. పది గంటల తర్వాత ఎండ బాగా కాసిన రోజు చేప మేతకు కదులుతుంది. బొచ్చె పైపైన తిరుగుతుంది కాబట్టి బెండు జానెడు లోతుకే కట్టాలి. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద చాలు. ఎర్రమోసుకు అడుగున పెట్టాలి, కానీ అడుగున ఊపిరే లేకపోతే అది అక్కడ ఉండదు, కాబట్టి ఇప్పుడు దానికోసం కూర్చోవడం దండగ. కొరమీనుకు ఈ బాధ లేదు, తుంగ అంచున చిన్న కప్పతో ఎప్పుడైనా పడుతుంది. అయితే ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద కదులుతుంటే దాని కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పడితే ఆ పిల్లలన్నీ పరిగెల పాలు. అది వదిలేయండి.

గాలి ఎటు వీస్తే తెట్టు అటు చేరుతుంది, దానికి ఎదుటి గట్టున కూర్చోండి.

అసలు వేట వాన పడ్డాకే. వాగు నుంచి కొత్త నీళ్లు దిగే చోట చేప ఎదురెక్కుతుంది, అప్పుడు వానపాము గుచ్చి వేస్తే చాలు. చెరువు నిండి కలుజు మీదుగా నీళ్లు పారితే ఇక చెప్పేదేముంది. కానీ కరెంటు తీగ వేసేవాళ్లు, నాటుబాంబు వేసేవాళ్లు కూడా అప్పుడే దిగుతారు. చేపల కోసం నీళ్లలో బాంబు పేల్చడం, విషం కలపడం 1897 నాటి చట్టం నుంచే నేరం. కనపడితే ఫోటో తీసి పెట్టండి.

నీళ్ల_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:30

వాన గురించి ఒక జాగ్రత్త. మొదటి పెద్ద వానకు పై నీళ్లు చల్లబడి కిందికి దిగుతాయి, అడుగున ఊపిరి లేని నీళ్లు పైకి కలుస్తాయి. పొలాల చెత్త, మురుగు కూడా ఒక్కసారే వస్తాయి. ఆ రాత్రి ఇంజన్లు తప్పకుండా నడపాలి. వాన పడిందిలే అని నిద్రపోతే చేప మొత్తం పోయేది ఆ రాత్రే.

గట్టుమీది_కుర్రాడు | బుధవారం, ఉదయం 7:20

అప్‌డేట్. సోమవారం రాత్రి గట్టి వాన పడింది. సంఘం వాళ్లు తడుస్తూనే ఇంజన్లు వేశారు, చచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. నీళ్లు ఇప్పుడు పచ్చ నుంచి ఎర్రకు తిరిగాయి. తెట్టు కొంత ఈశాన్యం మూలకు కొట్టుకుపోయి అక్కడ కంపు కొడుతోంది, గేదెలను అటు పోనివ్వడం లేదు. మత్స్యశాఖ నుంచి ఒకాయన వచ్చి నీళ్లు పట్టుకుని పోయాడు, మా మాట విని తెల్లవారుజామునే వచ్చాడు. సంఘం కొంత చేప నెల్లూరు మార్కెట్‌కు తోలింది. మురుగు కాలువ సంగతి గ్రామసభలో పెడతామన్నారు.

బావమరుదులు వెళ్లిపోయారు. బెండు అన్నా, వాగు దిగే చోట నీళ్లు బాగా మట్టిగా ఉన్నాయి. వానపాము వేయాలా, ఇంకో రెండు రోజులు ఆగాలా?

బెండు_మునిగె | బుధవారం, ఉదయం 7:55

ఆగు. నీళ్లు కాస్త తేరుకోవాలి, ఆ పరీక్ష కాగితం కూడా రానీ. శనివారం నేనే వస్తా, సంఘం వాళ్లను ముందే అడిగి పెట్టు. కొరమీనుకు కప్ప కావాలి, నెల్లూరులో నాకు దొరకదు.